చెవి నొక్కితే దిగులు పోతుందా?

చెవి మెలిపెడితే కంట నీరు తిరుగుతుందని విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు! మరి అదే చెవిని మెల్లగా నొక్కితే మనసులోని ఒత్తిడి, దిగులు తగ్గుతాయా? తగ్గుతాయంటుంది ‘చెవి ఆక్యుప్రెషర్’ అనే పద్ధతి. నిజమో కాదో ఎలా తేల్చాలి? రండి, చూద్దాం.

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పాల్ నోజియే అనే వైద్యుడుండేవాడు. తల్లి గర్భంలో తలకిందులుగా ఉన్న శిశువులా చెవి ఆయనకు కనిపించింది. 1950ల దశకంలో ఆయన చెవిమీద శరీరభాగాల పటం గీశాడు. అందులో చెవితమ్మె తలకు, పైభాగం కాళ్ళకు గుర్తులన్నమాట. ఈ పద్ధతిలో ఆవగింజంత విత్తనాన్ని పట్టీతో చెవికి అంటించి, రోజుకు కొన్నిసార్లు నొక్కుతారు.

ఈ పటాన్ని శరీరశాస్త్రం ధ్రువపరచలేదు. అయితే చెవికీ మెదడుకూ సంబంధం లేకపోలేదు. మెదడునుండి గుండెకు, జీర్ణకోశానికి వెళ్ళే వేగస్ నాడి శాఖ ఒకటి చెవికి కూడా వస్తుంది. చెవి శుభ్రం చేసేటప్పుడు కొందరికి దగ్గు వచ్చేది దీనివల్లనే. గుండె వేగాన్ని తగ్గించేదీ ఈ నాడే. కనుక చెవిని నొక్కితే కొంత ప్రభావం ఉండవచ్చునని ఊహించవచ్చు. కాని ఊహ వేరు, రుజువు వేరు.

రాత్రి డ్యూటీలు, చాలీచాలని నిద్ర, కళ్ళెదుట రోగుల బాధ... నర్సుల మనసు అలసిపోవడంలో వింత లేదు. బ్రెజిల్‌లోని సావోపాలోలో నర్సింగ్ సిబ్బందిని మూడు జట్లుగా చేసి పరీక్షించారు. ఒక జట్టుకు చెవిలో సూదులు, మరొకదానికి విత్తనాలు, మూడవదానికి ఏమీ లేదు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. చికిత్స పొందిన రెండు జట్లలోనూ ఒత్తిడి తగ్గింది.

“అయితే రుజువైనట్టే కదా!” అంటారా? ఆగండి. ఆ రెండు జట్లకూ సూది, విత్తనాలతోపాటు మరికొన్ని దక్కాయి. కాసేపు కూర్చునే తీరిక, శ్రద్ధగా చూసే మనిషి, నయమవుతుందనే నమ్మకం! నమ్మకంవల్ల కలిగే ఉపశమనాన్ని ‘ప్లాసిబో ప్రభావం’ అంటారు. దానిని వేరుచేయాలంటే ఒక జట్టుకు సంబంధంలేని చోట విత్తనం అంటించాలి. ఎవరిది అసలో, ఎవరిది ఉత్తుత్తిదో వారికి తెలియకూడదు.

కెనడా శాస్త్రజ్ఞులు మెల్జాక్, కాట్జ్ దీర్ఘకాలపు నొప్పులున్న 36 మందికి చెవిమీద విద్యుత్తుతో ఇలాంటి పరీక్షే చేసి, 1984లో ప్రకటించారు. అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ తేడా కనబడలేదు! నొప్పి వేరు, దిగులు వేరు, నిజమే. కాని పరీక్షించే తీరు ఒక్కటే.

గింజ నొక్కితే ఒక నర్సుకు హాయిగా ఉంటే సంతోషమే. అయితే నిద్రకూ, విశ్రాంతికీ, చాలినంతమంది తోటి సిబ్బందికీ గింజ బదులు కాలేదు. వారాల తరబడి దిగులు వీడకపోతే వైద్యుని చూడవలసిందే. ఇకమీదట ఎవరైనా “ఈ చికిత్సతో తగ్గింది” అంటే, “దేనితో పోల్చి చూశారండీ?” అని మర్యాదగా అడగండి.