బోటు ఇంజనులో గాలి కూలరు

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరబోట్లన్నీ రేవు చేరతాయి. జూన్ 14 దాకా వేట ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. 2015 నుంచి ఇది 61 రోజులు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో బోట్ల మరమ్మతులు సాగేది అప్పుడే. పాడైన చెక్కలు మారుస్తారు. వలలు బాగుచేస్తారు. రంగులు వేస్తారు. రంగు పదిమందికీ కనపడుతుంది. ఇంజను పక్కన ఉన్న ఒక పెట్టె మాత్రం ఎవరికీ పట్టదు. దాన్ని మరిచిపోతే, అప్పు చేసి కొన్న ఇంజనే పోవచ్చు.

ఆ పెట్టె పేరు ఆఫ్టర్‌కూలర్. మెకానిక్కులు కూలరు అనేస్తారు. ఎండాకాలం ఇళ్ళలో పెట్టుకునే కూలరు కాదు ఇది. ఇంజను పీల్చే గాలిని చల్లబరిచే కూలరు.

ఇంజనుకు గాలి ఎందుకు? పొయ్యిలో కట్టెలు కుక్కేసి, గాలి ఆడకపోతే ఏమవుతుంది? మంట రాదు. పొగ వస్తుంది. ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది. డీజిలు మండాలన్నా అంతే. ఇంజనుకు ఊదుగొట్టం లాంటిది టర్బో. ఇంజను వదిలే పొగ జోరుకే అది గిరగిరా తిరుగుతుంది. బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగున ముట్టుకుని చూడండి, చెయ్యి వెచ్చగా తగులుతుంది. టర్బో నొక్కిన గాలి మరిగే నీళ్ళకన్నా వేడిగా ఉండొచ్చు. వేడిగాలి పలచగా ఉంటుంది. అంటే ఇంజనులో అదే చోటులో తక్కువ గాలి పడుతుంది. అందుకే టర్బోకీ ఇంజనుకీ మధ్య కూలరు పెట్టారు.

దాని లోపల సన్నసన్న గొట్టాలు ఉంటాయి. గొట్టాల్లో సముద్రపు నీరు పారుతుంది. గొట్టాల చుట్టూ వేడిగాలి పోతుంది. కాచిన పాలగిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లారుస్తాం కదా, అలాగన్నమాట. పాలూ నీళ్ళూ కలవవు. వేడి మాత్రం నీళ్ళలోకి పోతుంది. టర్బో లేని ఇంజన్లకు ఈ కూలరు ఉండదు. కొన్నిటిలో సముద్రపు నీటికి బదులు ఇంజనులోని నీళ్ళే తిరుగుతాయి. ఇక్కడ చెప్పేది సముద్రపు నీరు పారే కూలరు సంగతి.

ఉప్పునీరు ఊరుకోదు. గొట్టాల లోపల గార కడుతుంది. బురద, గుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు అడ్డుపడతాయి. గాలి పోయే వైపు నూనె ఆవిరి అంటుకుని, వంటింటి కిటికీకి పట్టినట్టు జిడ్డు పడుతుంది. అప్పుడు గాలి చల్లబడదు. బోటు ఈడ్చుకుంటూ పోతుంది. నల్లపొగ వస్తుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. నల్లపొగకు వేరే కారణాలూ ఉంటాయి, గాలి ఫిల్టరు మూసుకుపోయినా వస్తుంది. అందుకని ముందు ఫిల్టరు చూసి, తరువాత కూలరు చూడాలి.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. గొట్టాలు ఒక లోహం, పెట్టె ఇంకో లోహం అయితే ఆ తినడం మరీ ఎక్కువ. ఏదో ఒక రోజు గొట్టానికి సూదిమొనంత చిల్లి పడుతుంది. ఆ చిల్లిలోంచి ఉప్పునీరు గాలిదారిలోకి వస్తుంది. అక్కడినుంచి ఇంజనులోకే పోతుంది. లోపల తుప్పు పడుతుంది. నీళ్ళు నిలిచి ఉండగా స్టార్టు చేస్తే లోపలి రాడ్డు వంగిపోతుంది. గాలిని నొక్కగలం గానీ నీటిని నొక్కలేం కదా!

ఈ తినడాన్ని ఆపడానికి కొన్ని ఇంజన్లలో జింకు కడ్డీ పెడతారు. ఉప్పునీరు ముందు జింకునే తింటుంది, మిగతా లోహం బతుకుతుంది. కడ్డీ సగం అరిగితే మార్చాలి. ఇంజనుతో పోలిస్తే దాని ధర ఎంత!

కూలరును ఎన్నాళ్ళకు విప్పాలో ఇంజను పుస్తకంలో రాసి ఉంటుంది. రెండేళ్ళకోసారి పూర్తిగా విప్పి కడగమని అనుభవం ఉన్న మెకానిక్కులు చెబుతారు. ఆలస్యం చేస్తే లోపలి గొట్టాల కట్ట పెట్టెకు అతుక్కుపోతుంది. సుత్తితో కొడితే రెండూ పాడవుతాయి.

గార పోవడానికి కూలర్ల కోసం అమ్మే మందులోనే నానబెట్టాలి. రాగిచెంబు చిలుము చింతపండుతో పోతుంది, నిజమే. పులుపుకు ఆ గుణం ఉంది. అలాగని బాత్రూం కడిగే యాసిడ్ పోయకూడదు. అది గారతోపాటు లోహాన్నీ తింటుంది. మందు ఏదైనా పిల్లలకు అందకుండా పెట్టాలి, నీళ్ళ సీసాలో అసలే పోయకూడదు. గాలివైపు జిడ్డు కడిగాక బాగా ఆరనివ్వాలి. జిడ్డు తీసే మందు లోపల మిగిలితే దాని ఆవిరి ఇంజనులోకి పోయి, ఇంజను పట్టుతప్పి పరుగెత్తవచ్చు.

బిగించేటప్పుడు రబ్బరు రింగులు కొత్తవే వెయ్యాలి. రింగులు కూర్చునేచోట గ్రీజు రాయాలి. ఈసారి రాసిన గ్రీజే వచ్చేసారి విప్పడానికి సాయం.

ఇంజనుకు ఎక్కించేముందు చిల్లి పరీక్ష చేయాలి. సైకిలు ట్యూబుకు పంక్చరు చూసినట్టే. కూలరు మూతులు మూసి, పుస్తకంలో చెప్పినంత గాలి ఎక్కించి, నీళ్ళ తొట్టిలో ముంచుతారు. బుడగలు వస్తే చిల్లి ఉన్నట్టు.

చేపలమ్మిన డబ్బు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతిలోనే ఉంటుంది. మరమ్మతు బిల్లు కట్టేదీ వాళ్ళే. “అంతా చేసేశామమ్మా” అంటే సరిపోదు. “పాత జింకు కడ్డీ ఏది బాబూ? బుడగల పరీక్ష నా ముందు చెయ్యి” అని అడగవచ్చు. బిల్లులో రబ్బరు రింగుల ధర రాశారో లేదో చదివి చూడవచ్చు. కూలరు విప్పిన తేదీ ఇంట్లో లెక్కల పుస్తకంలో రాసుకోవాలి. సరంగు మారినా, మెకానిక్కు మారినా ఆ తేదీ ఉంటుంది.

వేట మొదలయ్యాక కూడా ఒకటి చూస్తుండాలి. కొన్ని కూలర్లకు గాలివైపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. తేమ ఉన్న రోజుల్లో అక్కడ రెండు చుక్కల నీరు పడితే భయం లేదు. అది గాలికి పట్టిన చెమట. ఆ రంధ్రం జిడ్డుతో మూసుకుపోకుండా చూడాలి. నీరు ధారగా వచ్చినా, ఆరినచోట తెల్లగా ఉప్పు కనిపించినా ఇంజను స్టార్టు చేయకూడదు. మెకానిక్కు వచ్చి చూసేదాకా ఆ బోటు జెట్టీ దగ్గరే ఉండాలి.