ఘాతాంక న్యాయములు - వాని కారణములు

బీజగణితమున ఘాతాంకముల పాఠము వచ్చునప్పటికి పెక్కుమంది విద్యార్థులు సూత్రములను వల్లె వేయుదురే కాని, అవి యెట్లు పుట్టినవో విచారింపరు. వల్లె వేసిన సూత్రము పరీక్షనాడు తారుమారగును. కారణము తెలిసిన సూత్రమును మఱచినను, మరల కల్పించుకొనవచ్చును. కావున ఈ వ్యాసమున న్యాయములను వాని కారణములతో గూడ వివరింప తలచితిమి.

ముందుగా మాట యొక్క అర్థము చూతము. ఘాతమనగా దెబ్బ యని మనమెఱుగుదుము. ప్రాచీన సంస్కృత గణిత గ్రంథములలో ఈ పదమునకే గుణకారమనియు అర్థము కలదు. ఒకే సంఖ్య గుణకారమున ఎన్ని పర్యాయములు వచ్చినదో తెలుపు అంకమే ఘాతాంకము. 2³ అనగా 2 × 2 × 2, అనగా 8. దీనిని 2 × 3 గా భావించి 6 అని వ్రాయుట పొరపాటు. ఇచ్చట 2 ఆధారము, 3 ఘాతాంకము.

మొదటి న్యాయము: 2³ × 2⁴ లో మొదట మూడు రెండ్లు, పిదప నాలుగు రెండ్లు ఉన్నవి. అన్నియు కలిసి ఏడు. కావున ఫలము 2⁷. సరిచూడుడు: 8 × 16 = 128. ఆధారము ఒక్కటే యైనప్పుడు గుణకారమున ఘాతాంకములను కూడవలెను. 2³ × 5² లో ఆధారములు వేఱు గనుక ఇట్లు కూడరాదు.

రెండవది: 2⁷ ÷ 2⁴ లో పైనున్న ఏడు రెండ్లలో నాలుగు, క్రిందివానితో కొట్టివేయబడును. మిగిలినది 2³. కావున భాగహారమున ఘాతాంకములను తీసివేయవలెను.

మూడవది: (2³)² అనగా 2³ × 2³, అనగా 2⁶. ఘాతమునకు ఘాతము వచ్చినచో ఘాతాంకములను గుణింపవలెను.

నాలుగవది: (2 × 5)³ = 2³ × 5³ = 8 × 125 = 1000. ఈ న్యాయము గుణకారమునకే కాని సంకలనమునకు చెల్లదు. (2 + 5)² = 49; 2² + 5² = 29 మాత్రమే.

ఇక సున్న సంగతి. 2³ ÷ 2³ = 1 అని అందఱికి తెలిసినదే. రెండవ న్యాయము ప్రకారము అది 2⁰. కావున 2⁰ = 1. ఆధారము సున్న కానంతవరకు ఏ సంఖ్యకైనను ఇట్లే. 2³, 2², 2¹, 2⁰ అని ఒక్కొక్క మెట్టు దిగినకొలది 8, 4, 2, 1 అని విలువ సగమగుచున్నది. ఇంకొక మెట్టు దిగినచో 2⁻¹ = 1/2; ఆపైన 2⁻² = 1/4. ఘాతాంకము ఋణమైనంత మాత్రమున విలువ ఋణము కాదని గమనింపుడు.

తలిదండ్రులకు ఒక మాట. తెలుగులో గణితము చదివిన పిల్లలు పై తరగతులలో వెనుకబడుదురేమో యని కొందఱు శంకింతురు. సంఖ్య తలపై చిన్న అంకె వేయు పద్ధతి ఫ్రెంచి పండితుడు డెకార్ట్ 1637లో ప్రకటించిన గ్రంథమువలన వ్యాప్తికి వచ్చినది. నేడది అన్ని భాషల పాఠములలోను ఒక్కటే. రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. శాస్త్రము భాషలు దాటుట మనకు క్రొత్త కాదు. పై చదువులలో పేర్లు మాఱును, కారణములు మాఱవు. ఆ పేర్లకై విద్యార్థులు ప్రతి తెలుగు పదము ప్రక్కను హిందీపదమును, ఆంగ్లపదమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను.

బీజగణితము ఎఱుగని తలిదండ్రులు సైతము ఈ పాఠమున సాయపడగలరు. "2⁰ ఒకటి యెందుకైనది?" అని రాత్రి భోజనమైన పిదప బిడ్డ నడుగుడు. ఇంటిభాషలో తడబడక చెప్పగలిగినచో పాఠము వచ్చినట్లే. చెప్పలేనిచో మరునాడు మా యొద్దకు పంపుడు. మరల మొదటి న్యాయమునుండి చెప్పెదము.