పద్దెనిమిదా, మూడా?

మాది జగిత్యాల. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయాయి కదా, ఆ పటాన్నే గ్రాఫ్ చేశాను. జిల్లా ఒక బిందువు, సరిహద్దు కలిస్తే ఒక గీత. జగిత్యాల, కరీంనగర్, పెద్దపల్లి, సిరిసిల్ల, గోదావరి అవతలి మంచిర్యాల: ఐదు బిందువులు, ఏడు గీతలు. ఒకదానికొకటి అన్నీ కలిసే గుంపే క్లిక్.

మూడేసి జిల్లాల క్లిక్‌లు ఎన్ని? మూడు లూపులు రాసి రన్ చేస్తే 18 వచ్చింది! కాగితం మీద లెక్కపెడితే మూడే. ముగ్గురిని ఆరు వరుసల్లో నిలబెట్టొచ్చు కదా, నా కోడ్ ఒక్కో క్లిక్‌ని ఆరుసార్లు లెక్కపెట్టింది. ప్రతి లోపలి లూపునూ బయటిదాని తర్వాతి నంబరు నుంచి మొదలుపెడితే సరిపోయింది.

నాలుగేసివి? సున్నా. పెద్దపల్లికి సిరిసిల్ల, కరీంనగర్‌కు మంచిర్యాల తగలవు మరి.

వేల బిందువులుంటే ఆ తప్పు నాకు దొరికేదా? అందుకే ముందు మీ ఊరి పటంతో పరీక్షించండి. అన్నట్టు, ఆ మూడింట్లోనూ మా జగిత్యాల ఉంది!