మీకు తెలుసా? జూడోలో మొదటి పాఠం పడటమే!

జూడోలో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది ఎదుటివారిని పడగొట్టడం కాదు, దెబ్బ తగలకుండా తాము పడటం. జపనీస్‌లో దీని పేరు ‘ఉకెమి’. మొదట చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తర్వాత గొంతుక్కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టి సాధన చేయిస్తారు. వెనక్కి ఒరిగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, నడుముకు కట్టుకున్న బెల్టు ముడి వైపు చూడాలి. అప్పుడు తల వెనక్కి వాలిపోదు. వీపు నేలకు ఆనే క్షణంలోనే రెండు చేతులతో చాపను గట్టిగా చరచాలి. పడిన తాకిడి ఒక్కచోటే పడకుండా చేతుల పొడవునా పరుచుకుపోతుంది. అదే అరచెయ్యి ఊని ఆపుకోబోతే మణికట్టుకు ముప్పు. నడివయసులో చేరేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే విద్య లేదని నా నమ్మకం. తడి గచ్చు మీద కాలు జారినప్పుడూ ఆ అలవాటు తలను కాపాడగలదు. మోకాళ్ల నొప్పో, బీపీయో ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి, గురువుకూ చెప్పండి.

జూడోను రూపొందించిన జిగొరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో, 12 చాపలు పట్టే చోట జూడో నేర్పడం మొదలుపెట్టారు. జూడో నల్ల బెల్టులోని మెట్లను ‘డాన్’ అంటారు; తొలి మెట్టు ‘షోదాన్’. అందులో ‘షో’ అంటే ఆరంభం అని అర్థం!

కానోకు జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్పిన గురువు మనవరాలు కెయికో ఫుకుడా. ఆమె ఇరవై దాటాక, 1935లో జూడోలో చేరారు. 2011లో, 98 ఏళ్ల వయసులో, అమెరికాలో పదో డాన్ అందుకున్నారు. ఆ మెట్టు ఎక్కిన తొలి మహిళ ఆమే.