ఈశ్వరి కుటుంబం: ఆకు చూసి మోసపోవద్దు

1990ల ఆరంభంలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో వైద్యులు ఒక విపరీతాన్ని గమనించారు. సన్నబడాలన్న కోరికతో మందులు పుచ్చుకొన్న స్త్రీల మూత్రపిండాలు శరవేగంగా పాడైపోసాగాయి. మందులో ఉండవలసిన స్టెఫానియా అనే మూలికకు బదులు, చైనా భాషలో దాదాపు అదే పేరున్న అరిస్టోలోకియా వేరు చేరిందని ఆరా తీయగా తేలింది. బాధితులు నూరుమందికి పైబడ్డారు. కొందరికి అనంతరకాలంలో మూత్రనాళాలలో క్యాన్సర్ కూడా బయటపడింది.

అరిస్టోలోకియా మనకు కొత్తది కాదు. పొదల మీద అల్లుకొనే ఈశ్వరి, నల్లరేగడి చేలలో నేలబారుగా పాకే గాడిదగడపాకు ఈ ప్రజాతిలోనివే. ఈశ్వరి వేరు పాముకాటుకు విరుగుడని పల్లెలలో తరతరాల నమ్మకం. గ్రీకు భాషలో అరిస్టోస్ అంటే శ్రేష్ఠం, లోకియా అంటే ప్రసవం. వంపు తిరిగిన పువ్వులో గర్భాశయాన్ని ఊహించుకొన్న పూర్వులు, ప్రసవవేళ స్త్రీలకు దీనిని ఔషధంగా ఇచ్చారు. కాని ఇందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలకు విషమనీ, క్యాన్సర్ కారకమనీ నేటి శాస్త్రం నిర్ధారించింది.

మరి ఈ మొక్కలను గుర్తించడమెలా? ఆకుతో ఆరంభించవచ్చు గాని, ఆకుతో ఆగరాదు. కణుపుకు ఒకే ఆకు. అంచుకు రంపపు పళ్లుండవు. చాలావాటిలో ఆకు మొదలు హృదయాకారం. అయితే తిప్పతీగదీ హృదయాకారపు ఆకే! పైగా ఈశ్వరి ఆకులు కొన్ని సన్నగా, కొన్ని వెడల్పుగా ఉంటాయి.

పువ్వును చూస్తే సందేహం తీరుతుంది. దీనికి ఆకర్షణ పత్రాలుండవు. రక్షక పత్రాలే కలిసి గొట్టమవుతాయి. ఆ గొట్టం అడుగున బుడ్డిలా ఉబ్బి, నడుమ సన్నని నాళమై, పైన ఒక పక్కకు నాలుకలా సాగుతుంది. నాళంలోని రోమాలు కిందికి వాలి ఉంటాయి. వాసనకు వచ్చిన చిన్న ఈగ లోనికి జారగలదే గాని వెనుదిరగలేదు. అది తెచ్చిన పుప్పొడిని కీలాగ్రం అందుకొన్నాక కేసరాలు విచ్చుకొంటాయి, రోమాలు వాడిపోతాయి. ఈగ కొత్త పుప్పొడి పూసుకొని విడుదలవుతుంది. గొట్టాన్ని చీల్చి చూస్తే కేసరాలు, కీలం ఏకమై ఒకే స్తంభంగా కనిపిస్తాయి. గాడిదగడపాకులో ఇంకొక ఆనవాలు ఉంది: పూకాడ మొదట గుండ్రని చిన్న ఆకు.

కాయ మరింత స్పష్టమైన సాక్ష్యం. ఈశ్వరి కాయ ఎండి, కాడవైపు నుంచి ఆరుగా చీలి, దారాలకు వేలాడే చిన్న ఉట్టిలా కనిపిస్తుంది. అందులో పలుచని రెక్కల గింజలుంటాయి. తిప్పతీగకు కాసేవి ఎర్రని, గుజ్జున్న పండ్లు.

ఈ ఆనవాళ్లన్నీ మొక్క మీద పువ్వూ కాయా ఉన్నంతవరకే. ఎండిన వేరుముక్కను, పొట్లంలోని పొడిని కంటితో చూసి పోల్చడం కష్టం. దానికి ప్రయోగశాల పరీక్షే శరణ్యం. కనుక మూలిక పేరు ఎంత పరిచితమైనదైనా, అది ఏ మొక్క నుంచి వచ్చిందో తెలియనిదే నోట వేసుకోకపోవడం క్షేమం.