ఇంటిల్లిపాదీ కలిసి ఏడాదిని వెనక్కి తిరిగి చూద్దాం



డిసెంబరు నెల వచ్చేసరికి మన ఇళ్ళలో పని ఎక్కువవుతుంది. గోడలకు సున్నం, వాకిట్లో నక్షత్రం, పిల్లలకు కొత్త బట్టలు, పిండివంటలు, రాత్రిపూట వచ్చే క్యారల్స్ బృందానికి టీ. ఈ హడావుడి అంతా అయ్యాక 31వ తేదీ రాత్రి చర్చికి వెళ్ళి, పాత సంవత్సరానికి వీడ్కోలు చెప్పి, ప్రార్థనతో కొత్త సంవత్సరంలో అడుగు పెడతాము. చాలా కుటుంబాలు ఆ వారంలోనే ఇంట్లో కృతజ్ఞతా కూడిక కూడా పెట్టుకుంటాయి. అయ్యగారు వచ్చి వాక్యం చెబుతారు. ఇంటి పెద్ద లేచి ఆ ఏడు దేవుడు చేసిన మేలులను సాక్ష్యంగా చెబుతాడు. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అమ్మాయి ఇంటర్ పాసయ్యింది, ఇంటికి స్లాబు పడింది.

ఇది చాలా మంచి అలవాటు. అయితే "జూన్ నుంచి నేను బి.పి. మాత్రలు మానేశాను" అని ఆ సాక్ష్యంలో ఎవరూ చెప్పరు. "నాకు ఆరు నెలలుగా రక్తస్రావం ఎక్కువగా ఉంది" అని ఏ తల్లీ లేచి చెప్పదు. అవి నలుగురిలో చెప్పే మాటలు కావు, నిజమే. కానీ సొంత ఇంట్లో కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాము? అందుకే కూడిక అయిపోయి అతిథులు వెళ్ళిపోయాక, ఇంట్లోవారు మాత్రమే మరొక గంటసేపు కూర్చోవాలని మా మనవి. ఆ గంట ఎందుకు అవసరమో, ఎలా గడపాలో ఈ వ్యాసంలో చూద్దాం.

మెల్లగా వచ్చే మార్పు రోజూ చూసేవారికి కనబడదు

పిల్లవాడు ఎదగడం ఇంట్లోవారికి తెలియదు. ఏడాదికొకసారి వచ్చే మేనత్త గుమ్మంలోనే ఆగి "ఎంత పొడుగయ్యాడో!" అంటుంది. జబ్బులలో కూడా చాలావరకు ఇంతే. తేలు కుట్టినా, ఎముక విరిగినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుతాము. కానీ మనిషి నెలకు అరకిలో చొప్పున బరువు తగ్గితే పక్కనే కూర్చుని అన్నం తినేవారికి కూడా తెలియదు. ఏడాదికి అది ఆరు కిలోలు. చూపు తగ్గడం, వినికిడి తగ్గడం, రక్తహీనత, షుగర్, మనసులో దిగులు ఇవన్నీ చప్పుడు లేకుండా వచ్చేవే. ఏడాది మొదటి రోజును, చివరి రోజును పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎప్పటి నుంచి?" అని. చాలామంది "కొద్ది రోజులుగా అండీ" అంటారు. అప్పుడు మేము "ఈస్టర్‌కు ముందా, తరువాతా? దసరా సెలవులకు ముందా, తరువాతా?" అని అడగవలసి వస్తుంది. అలా అడిగితే ఆ కొద్ది రోజులు ఒక్కోసారి ఏడెనిమిది నెలలని తేలుతుంది.

ఒక ఇంటి సంగతి

ఇది ఒక్క ఇంటి కథ కాదు. మా ఓ.పి.కి వచ్చే ఎన్నో ఇళ్ళలో కనబడే విషయాలను ఒకచోట చేర్చి చెబుతున్నాము.

ఆ ఇంట్లో ఐదుగురు. డెబ్బై ఏళ్ళ నానమ్మ, ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే నాన్న, ఇంట్లోనే మిషను కుట్టే అమ్మ, ఇంటర్ చదివే అమ్మాయి, ఆరవ తరగతి అబ్బాయి. అంతకు ముందు క్రిస్మస్‌కు ఆరుగురు. తాతయ్య ఫిబ్రవరిలో ప్రభువు నందు నిద్రించారు. ఆ ఏడాది చివరి ఆదివారం సాయంత్రం అమ్మాయి గోడ మీది క్యాలెండరు దింపింది. పాల లెక్కలు, గ్యాస్ బండ తేదీలు, పరీక్షలు అన్నీ అందులోనే ఉన్నాయి. పాత ఓ.పి. చీటీలు, మందుల షాపు బిల్లులు ఉన్న సంచి కూడా తెచ్చింది. ఒక నోటు పుస్తకంలో నెలల పేర్లు రాసుకుంది.

జనవరి నుంచి మే వరకు నాన్న మాత్రల బిల్లులు నెలకొకటి ఉన్నాయి. జూన్ నుంచి ఒక్కటీ లేదు.

"నాన్నా, బిల్లులు ఇక్కడితో ఆగిపోయాయేం?"

"ఎక్కడో పారేసి ఉంటాను" అన్నాడు నాన్న. కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు. "మీ ఇద్దరి ఫీజులు కట్టింది ఆ నెలలోనే. ఒక్క నెల ఆపుదాం అనుకున్నాను. ఆపినా ఏమీ కాలేదు కదా అని..."

"నాతో ఒక్క మాట అనలేదేమండీ?" అంది అమ్మ. ఆయన తల వంచుకున్నాడు. ఆ మరునాడు ఆసుపత్రిలో చూస్తే బి.పి. 176/104 ఉంది.

"ఏమీ కాలేదు కదా" అన్న మాటలోనే ప్రమాదం ఉంది. బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి తలనొప్పి కూడా రాదు. మనిషి బాగానే తిరుగుతుంటాడు. లోపల మాత్రం గుండె, మెదడు, మూత్రపిండాలలోని రక్తనాళాలు దెబ్బతింటూ ఉంటాయి. చివరకు పక్షవాతంగానో, గుండెపోటుగానో ఒక్కరోజులో బయటపడుతుంది. సాధారణంగా బి.పి. 140/90 కంటే తక్కువ ఉండేటట్లు చూసుకోవాలి. డబ్బు ఇబ్బంది అయితే ఆ మాట డాక్టరుతో చెప్పడానికి సిగ్గుపడకండి. తక్కువ ధరలో అదే పనిచేసే మందు రాయవచ్చు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బి.పి., షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఇంట్లో ఉప్పు కూడా తగ్గించాలి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. ఊరగాయ, అప్పడం, ఎండు చేపలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

నానమ్మ బెంగ

అమ్మాయి రెండు ఫోటోలు తీసింది. ఒకటి మే నెలలో బంధువుల పెళ్ళిలో తీసింది. రెండవది మొన్న క్రిస్మస్ నాటిది. రెండింటిలోనూ నానమ్మది అదే చీర. కానీ రెండవ ఫోటోలో జాకెట్టు భుజాల నుంచి జారుతోంది, బుగ్గలు లోపలికి పోయాయి. తాతయ్య పోయినప్పటి నుంచి ఆవిడ సరిగా తినడం లేదని అందరికీ తెలుసు. "బెంగ" అనుకుని ఊరుకున్నారు. ఎప్పటి నుంచి దగ్గుతున్నారని అడిగితే, అక్టోబరు వానలప్పటి నుంచి అని తేలింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందని నానమ్మ అప్పుడు చెప్పింది. కళ్ళె పరీక్ష చేస్తే క్షయ అని తెలిసింది.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం, ఇవి క్షయ లక్షణాలు. వీటిలో ఒక్కటి ఉన్నా కళ్ళె పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారం కోసం రోగి బ్యాంకు ఖాతాలో వేసే డబ్బును 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచారు. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఆకలి వేస్తుంది. చాలామంది మందులు మానేసేది అప్పుడే. అలా మానితే జబ్బు తిరగబెట్టడమే కాదు, మామూలు మందులకు లొంగకుండా పోవచ్చు. ఒకరికి క్షయ ఉందని తెలిస్తే ఇంట్లో మిగతావారంతా, ముఖ్యంగా పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి.

మరి నానమ్మ బెంగ అబద్ధమా? కాదు. బెంగా నిజమే, జబ్బూ నిజమే. ఒకటి ఉంది గనుక రెండవది ఉండదని అనుకోవడమే పొరపాటు. మనిషి పోయిన మొదటి ఏడాదిలో ప్రతి పండుగా, ప్రతి పుట్టినరోజూ దుఃఖాన్ని మళ్ళీ కదుపుతుంది. ఏడిపిస్తామేమో అని పోయినవారి పేరు ఎత్తకుండా ఉండకండి. ఆ సాయంత్రం తాతయ్య సంగతులు చెబుతూ నానమ్మ ఏడ్చింది, ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా. అయితే తిండి, నిద్ర మానేసి రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా ఉన్నా, "నేనూ పోతే బాగుండు" అని పదేపదే అంటున్నా అది వైద్యసహాయం కావలసిన స్థితి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

"నాకేముంది, బాగానే ఉన్నాను"

పిల్లవాడి టీకాలు, అమ్మాయి జ్వరం, అత్తగారి కంటి ఆపరేషను, ప్రతి తేదీ అమ్మకు గుర్తుంది. తన వంతు వచ్చేసరికి "నాకేముంది, బాగానే ఉన్నాను" అంది. నోటు పుస్తకంలో అమ్మ పేజీ ఖాళీగా ఉంది. అమ్మాయి ఊరుకోలేదు. నీళ్ళ బిందె మోసేటప్పుడు మధ్యలో ఎందుకు ఆగుతున్నావని అడిగింది. తరువాత వంటింట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే ఉన్నప్పుడు, వేసవి నుంచి నెలసరి పది రోజులు పోతోందని అమ్మ చెప్పింది.

గర్భం లేని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత. 8 కంటే తగ్గితే తీవ్రమైనది. ఆయాసం, నీరసం, కళ్ళు తిరగడం వయసు వల్ల వచ్చాయని సరిపెట్టుకోకూడదు. ఐరన్ మాత్రలు వేసుకునేటప్పుడు టీ, కాఫీలకు దూరంగా ఉండి, నిమ్మరసం తీసుకుంటే బాగా వంటబడతాయి. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనక్కరలేదు. మాత్రలతోపాటు రక్తస్రావానికి కారణం కూడా కనుక్కోవాలి. ఎవరో చెప్పారని వెంటనే గర్భసంచి తీయించుకోవడానికి తొందరపడకండి, మందులతో తగ్గేవి చాలా ఉన్నాయి. నెలసరి ఆగి ఏడాది గడిచాక ఒక్క చుక్క రక్తం కనబడినా మాత్రం ఆలస్యం చేయకుండా రండి.

ఇక అబ్బాయి సంగతి. జులైలో టీచరు వాడిని ముందు బెంచీకి మార్చారని అప్పుడే బయటపడింది. వెనుక నుంచి బోర్డు కనబడటం లేదట. మార్కులు తగ్గాయని తిట్టినవారెవరూ ఆ సంగతి అడగలేదు. కళ్ళజోడుతో సరిపోయింది.

మీ ఇంట్లో ఎలా చేయాలి?

1. టి.వి., ఫోన్లు ఆపి, భోజనానికి ముందు ఒక గంట కేటాయించండి. చిన్న ప్రార్థనతో మొదలుపెట్టండి.

2. క్యాలెండరు, ఓ.పి. చీటీలు, బిల్లులు, పిల్లల టీకా కార్డులు, ఫోటోలు దగ్గర పెట్టుకోండి.

3. నెల నెలా చెప్పుకుంటూ రండి. తేదీ గుర్తురాకపోతే పండుగను, పరీక్షలను, వానలను గుర్తుగా పెట్టుకోండి.

4. మొదట మంచి సంగతులు చెప్పుకోండి. తరువాత ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడు నీకు కష్టమనిపించింది ఏమిటి? పోయిన ఏడు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్నది ఏమిటి? మధ్యలో ఆపేసిన మందు గాని, వాయిదా వేసిన పరీక్ష గాని ఉందా?

5. ఒక్కొక్కరికి ఒక పేజీ. బరువు, బి.పి., షుగర్, వాడే మందుల పేర్లు, పడని మందులు రాయండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకురండి.

6. చివరగా జనవరిలో ఎవరిని, ఏ రోజున, ఎవరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలో రాసుకోండి. తేదీ లేని తీర్మానం నిలబడదు.

కొన్ని జాగ్రత్తలు

ఇది పంచాయతీ కాదు. నాన్న మాత్రలు మానిన సంగతి బయటపడినప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా కేకలు వేసి ఉంటే, ఆ తరువాత ఎవరూ నోరు విప్పేవారు కాదు. పిల్లల మార్కులతో మొదలుపెట్టకండి. తాగుడు సమస్య ఉన్న ఇంట్లో, ఆ మనిషి తాగి లేని సమయంలో, ఎప్పటి నుంచి పెరిగిందో మాత్రం శాంతంగా అడగండి. చాలాకాలంగా రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు గనుక డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. అందరి ముందు చెప్పలేనివి ఉంటాయి. వాటికోసం తరువాత విడిగా అడగండి. విన్నది గడప దాటనివ్వకండి.

ఈ గంట కోసం ఎదురుచూడకూడనివి కూడా ఉన్నాయి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం, దగ్గులో రక్తం, రొమ్ములో గడ్డ వీటిలో ఏది కనిపించినా పండుగ రోజైనా సరే వెంటనే రండి.

సమూయేలు మిస్పాకు, షేనుకు మధ్య ఒక రాయి నిలబెట్టి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడని మనకు తెలుసు. సహాయపు రాయి అని దాని అర్థం. మన పిల్లలకు ఆ పేరు ఇష్టంగా పెట్టుకుంటాము. అయితే అదే గ్రంథంలో అంతకు ముందు ఎబెనెజరు అనే పేరు వచ్చేది ఇశ్రాయేలీయులు ఓడిపోయి, మందసాన్ని పోగొట్టుకున్న సందర్భంలో. ఆ ఓటమిని దాచిపెట్టి రాసిన కథ కాదు అది. మన ఇంటి కృతజ్ఞత కూడా అలాగే ఉండాలి. కలిసివచ్చినవాటితోపాటు పోగొట్టుకున్నవీ, దాచుకున్నవీ ఆ దీపం ముందు పెట్టుకుందాం.

ఆ ఇంటి నోటు పుస్తకంలో కొత్త సంవత్సరపు మొదటి పేజీ మీద అమ్మాయి నాలుగు తేదీలు రాసింది. నానమ్మ మందులు అయ్యే తేదీ, నాన్న బి.పి. చూపించుకునే తేదీ, తమ్ముడి కళ్ళజోడు తేదీ. అన్నిటికంటే పైన అమ్మ రక్తపరీక్ష తేదీ.

మీ పుస్తకంలో మొదటి పేరు ఎవరిదో ఈ వారమే కూర్చుని రాసుకోండి. దేవుడు మీ కుటుంబాన్ని దీవించి కాపాడును గాక.