నవ్వే కథానాయిక

'నవ్వే ఆడదాన్ని నమ్మకూడదు' అన్న సామెత వింటూ పెరిగినదాన్ని. పెళ్ళయ్యాక నాలుక చివరిదాకా వచ్చిన చమత్కారాలెన్నో మింగేశాను. అందుకేనేమో, జూలియా క్విన్ నవల 'ద డ్యూక్ అండ్ ఐ' చదువుతూ పోపు మాడ్చుకున్నాను!

2000లో వచ్చిన ఈ నవల 1813 నాటి లండన్ కథ. ఎనిమిదిమంది పిల్లలకి అక్షరక్రమంలో పేర్లు పెట్టుకున్న తల్లి, నాలుగో సంతానం డాఫ్నీకి సంబంధాలు వెతుకుతుంటుంది. అచ్చం మన పెళ్ళిచూపుల తంతే అనుకోండి! డాఫ్నీ మాత్రం మాటకి మాట అప్పజెబుతుంది.

రాజుకి జబ్బుచేసి, కొడుకు రాజప్రతినిధిగా ఏలిన 1811-1820 మధ్య కాలమే రీజెన్సీ. 1935లో 'రీజెన్సీ బక్' రాసిన జార్జెట్ హేయర్ ఈ బాణీకి దారి వేసింది. ఆ కాలపు ఇంగ్లండులో పెళ్ళయిన ఆడదాని సొమ్ము చట్టం ప్రకారం మొగుడి చేతికే వెళ్ళేది. అది మారడానికి 1870, 1882 చట్టాలు రావలసివచ్చింది. ఇక ఆమెకి మిగిలిన ఆస్తి మాటే కదా!

అప్పటి ఆడపిల్లలు నిజంగా అంత ధాటిగా మాట్లాడేవారా అంటే అనుమానమే. ఆ నోరు ఈ కాలపు రచయిత్రి ఇచ్చింది. మనకి నచ్చేదీ అదే.

మొన్న మా అమ్మాయి విసిరిన ఛలోక్తికి అత్తయ్యగారు "ఆడపిల్లకి అంత నోరేమిటే?" అన్నారు. నేను పైకే నవ్వేశాను. కాసేపటికి ఆవిడా నవ్వారు.